పాత జీపులో బతికున్నవి

కుప్పంలో నేను కొన్న మొదటి తుక్కు బండి ఒక జీపు. చింతచెట్టు కింద ఏళ్ల తరబడి నిలబడి, చక్రాలు సగం మట్టిలో దిగబడి, బానెట్టు కింద ఉడుతలు పీచు పేర్చుకున్న బండి. అప్పటికే నా దగ్గర ఇంకో జీపు ఉంది. దాని ఛాసిస్ గట్టిది, కాగితాలు సక్రమం, లోపల మాత్రం ఏమీ లేదు. ఇందులోంచి తీసి అందులో పెట్టుకుందామని నా ఆలోచన. గుజరీ అంగడి మనుషులు గ్యాస్ కట్టరు తెచ్చి, మధ్యాహ్నం భోజనాల వేళకల్లా ఇంజను, గేర్‌బాక్సు, ముందు వెనక యాక్సిళ్లు కోసి నా ముందర పెట్టారు. మిగతాదంతా తూకానికి పోయింది. ఒక్క పూటలో పని అయిపోయిందని ఆ రాత్రి ఎంతో సంతోషపడ్డాను.

ఇంజనును రెండో జీపులోకి దింపిన రోజున తెలిసింది ఏం పోగొట్టుకున్నానో. ఇంజను కూర్చునే పట్టీలు లేవు. ఆక్సిలరేటరు పెడలు నుంచి కార్బొరేటరు దాకా పోయే సన్నటి కడ్డీలు లేవు. క్లచ్చు లింకు లేదు. గేర్‌బాక్సును కింద నుంచి మోసే అడ్డపట్టీ లేదు. అన్నీ ఆ తూకంలో ఇనుప ధరకు వెళ్లిపోయాయి. ఇంజను ఒక పూటలో దొరికింది. ఈ చిల్లర సామాను కోసం బెంగళూరు జేసీ రోడ్డు, చెన్నై పుదుపేట, కృష్ణగిరి షెడ్లు తిరగడానికి ఏడు నెలలు పట్టింది.

నాకు ఈ పని నేర్పిన పెద్ద మేస్త్రీ కోలారు బంగారు గని (కేజీఎఫ్) వర్క్‌షాపులో లేతు పట్టిన మనిషి. 2001లో గని మూతపడ్డాక ఇటువైపు వచ్చి షెడ్డు పెట్టుకున్నాడు. నా గోడు విని ఒకటే మాటన్నాడు: "ఇంజను ఎవురైనా ఇస్తారు సామీ. దాన్ని పట్టుకొనే పట్టీ ఎవురిస్తారు?"

ఆ మాట అర్థమైనవాళ్లు తుక్కు బండిని చూసే తీరే మారిపోతుంది. పెద్ద సామాను పదిమందికీ కావాలి కాబట్టి దాన్ని అందరూ దాస్తారు, అమ్ముతారు, బాగుచేస్తారు. చిన్నదానికి ధర కట్టేవాడు లేడు కాబట్టి అది ముందుగా కరిగిపోతుంది. పాత బండిలో వెతకాల్సింది ఆ కరిగిపోయేదాన్నే.

ఇలా తుక్కు సామాను ఏరి వేగం కోసం కట్టుకునే బండికి హాట్ రాడ్ అన్నది అమెరికా మాట. 1930ల్లో దక్షిణ కాలిఫోర్నియా కుర్రాళ్లు చవగ్గా దొరికే పాత ఫోర్డు కార్లు కొని, మడ్‌గార్డులూ బరువున్న రేకులూ ఊడబెరికి, తుక్కు దొడ్లలో దొరికిన మెరుగైన ఇంజన్లు ఎక్కించి, ఎండిపోయిన చెరువుల మైదానాల్లో పరుగు పెట్టించేవాళ్లు. 1932లో ఫోర్డు వి8 ఇంజను సామాన్యుడి ధరకు వచ్చాక ఆ పిచ్చి ఇంకా ముదిరింది. 1937లో వాళ్ల క్లబ్బులు కొన్ని కలిసి వేగాలు కొలవడానికి ఒక సంఘమే పెట్టుకున్నాయి. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక 1946లో బిల్ బర్క్ అనే ఆయన యుద్ధ విమానం రెక్క కింద వేలాడే పెట్రోలు ట్యాంకును తెచ్చి దాన్నే కారు ఒళ్లుగా మార్చాడు. సైన్యం వదిలేసిన తుక్కులో అందరికీ ఖాళీ పీపా కనిపిస్తే, ఆయనకు గాలిని చీల్చుకుపోయే ఆకారం కనిపించింది.

మన తెలుగు నేల మీద ఆ చూపున్న మనిషి కావాలంటే హైదరాబాదు బహదూర్‌పురాలోని సుధా కార్స్ మ్యూజియం చూసి రండి. కన్యబోయిన సుధాకర్ బడి రోజుల నుంచే తుక్కు సామాను ఏరుకుని బండ్లు కట్టడం మొదలుపెట్టారు. క్రికెట్ బ్యాటు, హెల్మెట్, వంకాయ లాంటి ఆకారాల్లో నడిచే కార్లు చేశారు. 2005 జులై 1న 41 అడుగుల 7 అంగుళాల ఎత్తున్న మూడు చక్రాల సైకిలు తొక్కి గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కారు. నాకు ఆ మ్యూజియంలో అన్నిటికంటే నచ్చేది అతుకులు. ఎక్కడి సామాను ఎక్కడ కలిసిందో వెతుక్కుంటూ నడిస్తే ఒక పూట చాలదు.

మన పల్లెలకు ఈ విద్య కొత్తేం కాదు. చెక్క చక్రాల ఎద్దుబండి పోయి టైరు బండి వచ్చినప్పుడు దానికి యాక్సిలు, హబ్బులు, బేరింగులు పాత కార్లూ లారీల నుంచే వచ్చాయి. పాత కమాన్ పట్టీ ఇప్పటికీ కొలిమిలో కొడవలి అవుతోంది. స్ప్రింగు ఉక్కు పదును పట్టినంతగా మామూలు ఇనుము పట్టదని కమ్మరికి ఎవరూ చెప్పనక్కర్లేదు.

సామాను జోలికి పోకముందు చట్టం సంగతి చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ తప్పితే మిగతా శ్రమంతా పోలీసుస్టేషను ఆవరణలో తుప్పు పడుతుంది. మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను ప్రకారం, తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణతో, అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. అమెరికా పద్ధతి హాట్ రాడ్‌ను కట్టి కుప్పం బజారులో నడుపుతానంటే కుదరదు. మహారాష్ట్రలో సాంగ్లీ జిల్లాకు చెందిన దత్తాత్రేయ లోహార్ తుక్కు సామానుతో, కిక్కు కొడితే స్టార్టయ్యే చిన్న జీపు కట్టినప్పుడు ఆనంద్ మహీంద్రా మెచ్చుకున్నారు. నిబంధనల వల్ల ఆ బండి రోడ్డు మీద ఎక్కువ రోజులు తిరగనివ్వరని చెప్పి, దానికి బదులుగా కొత్త బొలేరో ఇచ్చారు.

మరి మనకున్న దోవ ఏది? రెండున్నాయి. ఒకటి, ఆర్సీ ఉన్న పాత బండిని అదే మోడలు సామానుతో తిరిగి నిలబెట్టడం. ఇంజను మారితే కొత్త నంబరును ఆర్టీవో ఆఫీసులో ఆర్సీలో ఎక్కించుకోవాలి. రెండు, మొదటి రిజిస్ట్రేషను నుంచి 50 ఏళ్లు దాటి, అసలు రూపం చెడని బండి అయితే 2021లో వచ్చిన వింటేజ్ నిబంధనల కింద నమోదు చేయించడం. అలాంటి బండికి నంబరులో వీఏ అనే అక్షరాలు వస్తాయి, రోజువారీ తిరుగుడుకు మాత్రం వాడకూడదు. ప్రదర్శనకో, సొంత తోటలో నడుపుకోడానికో ఊహకు తోచినట్టు కట్టుకునేవాళ్ల సంగతి వేరు.

మా కుప్పానికి ఇంకో చిక్కుంది. ఇది మూడు రాష్ట్రాల మూల. గుజరీ అంగట్లో ఏపీ, టీఎన్, కేఏ నంబర్ల బండ్లు పక్కపక్కనే పడుంటాయి. ఏ బండి ఎక్కడి నుంచి వచ్చిందో అడిగి తెలుసుకోండి. బండి తుక్కయితే 14 రోజుల్లో రిజిస్ట్రేషను అధికారికి తెలిపి దాన్ని రద్దు చేయించే బాధ్యత యజమానిది. ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు మీరే చదివి, ఫోటో తీసి, రసీదులో రాయించుకోండి. నంబరు గీకేసి ఉన్నా, దాని మీద కొత్త వెల్డింగు కనిపించినా ఆ బండి మీదకు చెయ్యి పోనివ్వకండి, ఎంత చవకైనా సరే. ప్రభుత్వ ఆఫీసుల చెట్ల కింద కనిపించే పాత జీపుల మీద ఆశ పెట్టుకునేవాళ్లకు మరో మాట: 15 ఏళ్లు దాటిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషను 2023 ఏప్రిల్ 1 నుంచి రద్దయింది. అవి గుర్తింపు పొందిన తుక్కు కేంద్రాలకు వెళ్లాల్సినవి.

ఇక బండి దగ్గరకు పోదాం. పోయేటప్పుడు జేబులో కాగితం ఉండాలి. మీ బండికి ఏం తక్కువయిందో ఇంట్లో కూర్చుని, బండి చుట్టూ తిరిగి, వేలితో తాకుతూ రాసుకున్న కాగితం. అది లేకుండా పోతే తుక్కు దొడ్డిలో కనపడినదల్లా కావాలనిపిస్తుంది. కాగితంతో పాటు అయస్కాంతం, టార్చిలైటు, ఒక రించి సెట్టు, తెల్ల సుద్దముక్క, కొలిచే టేపు చాలు.

మొదట ఆయిలు కడ్డీ లాగి చూడండి. ఆయిలు నల్లగా ఉంటే భయం లేదు. మజ్జిగ రంగులో ఉంటే నీళ్లు కలిశాయి. హెడ్డు గ్యాస్కెట్టు పోయిందో, బ్లాకు చీలిందో అనుకోవాలి. రేడియేటరు మూత తీస్తే నీటి మీద జిడ్డు తేలినా అంతే. తర్వాత ప్లగ్గులు విప్పి, క్రాంకు పుల్లీ బోల్టుకు రించి తగిలించి చేత్తో తిప్పండి. కదిలితే ఇంజను బతికుంది. కదలకపోతే సెల్ఫు మోటారుతో బలవంతం చేయొద్దు. ప్లగ్గు రంధ్రాల్లో డీజిలూ పాత ఆయిలూ కలిపి పోసి, నాలుగైదు రోజులాగి మళ్లీ ప్రయత్నించండి. తిరిగే ఇంజనయితే కంప్రెషను గేజీ పెట్టి సిలిండర్లన్నీ కొలవండి. అంకె ఎంతన్నదాని కంటే సిలిండరుకూ సిలిండరుకూ తేడా ముఖ్యం. ఒక దాంట్లో 10, 15 శాతం కంటే ఎక్కువ తగ్గితే వాల్వులో రింగులో పోయాయని ధర తగ్గించి అడగొచ్చు.

గేర్‌బాక్సుకు పైమూత బోల్టులు విప్పితే చాలు, పళ్లన్నీ కంటికి కనిపిస్తాయి. అంచులు గుండ్రంగా అరిగాయా, విరిగాయా చూడండి. కింది ప్లగ్గు విప్పి ఆయిలు వదిలి, అందులో అయస్కాంతం తిప్పండి. బూడిదలాంటి మెత్తటి పొడి అంటితే మామూలు అరుగుదల. గోటికి తగిలే ముక్కలు వస్తే ఆ పెట్టెను అక్కడే వదిలేయండి.

యాక్సిలు దగ్గర చాలామంది తప్పుతారు, దీన్ని కొంచెం ఓపికగా చెబుతాను. జీపుకు ముందు యాక్సిలూ వెనక యాక్సిలూ ఒకే రేషియోలో ఉండాలి. సైన్యపు విల్లీస్ జీపులో క్రౌను అనే పెద్ద పళ్లచక్రానికి 39 పళ్లు, పినియను అనే చిన్నదానికి 8. అంటే 4.88. తర్వాత వచ్చిన సివిల్ జీపుల్లో చాలావాటికి 43కి 8, అంటే 5.38. బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. తెలియక ఒకటి ముందు, ఒకటి వెనక బిగించి ఫోర్ వీల్ వేశారంటే రెండు యాక్సిళ్లూ ఒకదానితో ఒకటి పెనుగులాడి ట్రాన్స్‌ఫర్ కేసు పగులుతుంది. రేషియో తెలుసుకోడానికి విప్పనక్కర్లేదు. ఒక చక్రం నేల మీద కదలకుండా ఉంచి, రెండోదాన్ని లేపండి. లేపిన చక్రం మీదా, ప్రొపెల్లరు షాఫ్టు మీదా సుద్దతో గీత పెట్టండి. చక్రాన్ని సరిగ్గా రెండు చుట్లు తిప్పి, షాఫ్టు ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టండి. ఐదు చుట్లకు కాస్త తక్కువయితే 4.88, ఐదు దాటి ఇంకో మూడోవంతుకు పైగా తిరిగితే 5.38. క్రౌనూ పినియనూ కలిసి అరిగిన జంట. తీసుకుంటే రెండూ తీసుకోవాలి.

విప్పడానికి ఒక పూట అనుకుంటే రెండు రోజులు కేటాయించండి. గ్యాస్ కట్టరును గేటు దగ్గరే ఆపండి. ముందు బ్యాటరీ ఎర్తు తీగ తీయాలి. తర్వాత పెట్రోలు, ఆయిళ్లు, బ్రేకు ఆయిలు వేరువేరు డబ్బాల్లోకి. ఇవి మట్టిలో పోస్తే ఆ పక్క బావి పాడవుతుంది. బ్రేకు ఆయిలు పడినచోట పెయింటు లేస్తుంది కూడా. బండిని జాకీ మీదే నిలబెట్టి కిందకు దూరకండి. మా వైపు గ్రానైటు ముక్కలు ఎక్కడపడితే అక్కడ దొరుకుతాయి కాబట్టి వాటినే ఎత్తుగా పేర్చి బండిని నిలబెడతారు. రాయి మీద ఇనుము జారుతుంది. మందపాటి కొయ్య దుంగలు అడ్డంగా పేర్చండి.

పట్టిన నట్టు మీద కోపం చూపిస్తే బోల్టు తెగుతుంది, తెగిన ముక్కను డ్రిల్లుతో తీయడానికి గంట పడుతుంది. ముందురోజు సాయంత్రమే డీజిలో, కిరసనాయిలో అద్ది వదిలేయండి. పొద్దున మొదట రవంత బిగించి, ఆ తర్వాత వదులు చేయండి. తుప్పు పొర తెగేది ఆ బిగించే కదలికలోనే. పాత విల్లీస్ జీపుల్లో ఎడమవైపు చక్రాల నట్లకు మర ఉల్టా ఉంటుంది. ఈ సంగతి తెలియక బలంకొద్దీ బిగించి స్టడ్డులు తెంపినవాళ్లను చాలామందిని చూశాను.

విప్పిన ప్రతి బోల్టునూ దాని రంధ్రంలోకే వేలితో నాలుగు మరలు తిప్పి పెట్టండి. ఇంతకంటే మంచి అలవాటు ఈ పనిలో లేదు. జీపు బోల్టులు అంగుళం కొలతవి. మారుతీ కారు బోల్టులు మిల్లీమీటరువి. ఐదు బై పదహారు అంగుళం బోల్టుకూ 8 మిల్లీమీటర్ల బోల్టుకూ కంటికి తేడా తెలియదు. ఒకదాని నట్టు ఇంకోదానికి రెండు చుట్లు సాఫీగా ఎక్కి, మూడో చుట్టులో మర మొత్తం చెడగొడుతుంది. ఇంజను విప్పేటట్టయితే కనెక్టింగు రాడ్ల మూతలకు పంచుతో చుక్కలు కొట్టండి. ఒకదానికి ఒకటి, రెండోదానికి రెండు. ఆ మూతలు ఒకదానివి ఇంకోదానికి సరిపోవు.

విప్పకముందు ప్రతి మూలకూ ఫోటో తీయండి. తీగలను కత్తిరించకుండా కనెక్టర్లతో సహా చుట్టగా తీయండి, తర్వాత రంగులే మీకు దారి చెబుతాయి. అప్పుడు మొదలుపెట్టండి అసలు ఏరుకోవడం: మౌంటింగు పట్టీలు, పెడలు షాఫ్టు, లింకు కడ్డీలు, బానెట్టు గొళ్లేలు, విండ్‌స్క్రీను కీళ్లు, డ్యాష్‌బోర్డు మీది అల్యూమినియం ప్లేటు, హ్యాండుబ్రేకు పళ్ల పట్టీ, పెట్రోలు ట్యాంకు మూత, స్టీరింగు కాలం బిగించే కొక్కీ. ఇవన్నీ కలిపి ఒక గోనెసంచిలో పడతాయి. అంగడాయనకు దాన్ని తూకం వేయడమే తెలుసు. ఒక్కో ముక్కకు తూకం ధర కంటే రెండింతలు నేనే ఇస్తానని చెప్పేవాణ్ని. ఆయన ఆశ్చర్యపోయేవాడు. నేనేమో అది ఇవ్వకపోతే పడాల్సిన ఏడు నెలల తిరుగుడు లెక్కేసుకునేవాణ్ని.

కొన్నిటిని ఎంత కొత్తగా కనిపించినా తేవొద్దు. బ్రేకు హోసు పైపులు, వీలు సిలిండరు రబ్బర్లు, స్టీరింగు జాయింట్లు, పాత టైర్లు. వీటి లోపలి బలం కంటికి కనిపించదు, ప్రాణం మాత్రం వాటి మీదే ఉంటుంది. కొత్తవి కొనండి. పాత బ్రేకు లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. డ్రమ్ము విప్పాక గాలి కొట్టి దుమ్ము లేపకండి, తడిగుడ్డతో తుడిచి ఆ గుడ్డను మూట కట్టి పారేయండి. పెట్రోలు ట్యాంకుకు చిల్లు ఉందని వెల్డింగు పెట్టించడం అన్నిటికంటే పెద్ద ప్రమాదం. నిండు ట్యాంకు కంటే ఖాళీ ట్యాంకు భయంకరమైనది, ఎందుకంటే దాన్నిండా ఆవిరి ఉంటుంది. ఏడాదిగా ఎండలో పడున్న ట్యాంకు కూడా పేలొచ్చు.

తుప్పు వదలగొట్టడానికి ప్లాస్టిక్ తొట్టిలో నీళ్లు పోసి చాకలి సోడా కలపండి. సామానును బ్యాటరీ చార్జరు మైనసుకూ, పనికిరాని ఇనుప కడ్డీని ప్లస్‌కూ తగిలించి ఒక రాత్రి వదిలేస్తే తుప్పు నల్లటి పొడిగా రాలుతుంది. స్టెయిన్‌లెస్ కడ్డీ వాడకండి, దాని నుంచి విషం నీళ్లలోకి దిగుతుంది. బుడగలుగా వచ్చేది మండే వాయువు కాబట్టి తొట్టి ఆరుబయట ఉండాలి. రేడియేటరు ఇత్తడి తలకు మాత్రం మా అమ్మ బిందెలు తోమిన చింతపండే వాడతాను. కార్బొరేటరు జెట్ల రంధ్రాల్లో తీగ పెట్టి పొడవకండి. వాటి కొలత వెంట్రుకవాసి మారినా ఇంజను సరిగా నడవదు.

దాచడానికి ఇనుప బీరువాలు అక్కర్లేదు. మదనపల్లె మార్కెట్టు నుంచి వచ్చే టమోటా ట్రేలు ఈ పనికే పుట్టినట్టుంటాయి. ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి, గాలి ఆడుతుంది, పట్టుకోడానికి చేతులున్నాయి. ఇంజనుకు ఒకటి, స్టీరింగుకు ఒకటి, బ్రేకుకు ఒకటి. చిన్నవి జిప్పు కవర్లలో వేసి, ఏ బండి, ఏ పక్క, ఏ తేదీ అని చీటీ రాసి లోపల పెట్టండి. బయట అంటించిన చీటీ ఆయిలుకు ఊడిపోతుంది.

నా జీపు పూర్తయ్యాక కూడా ఆ ట్రేలు షెడ్డులో పెరుగుతూనే ఉన్నాయి. పోయిన ఎండాకాలం పుంగనూరు నుంచి ఒక కుర్రాడు వచ్చాడు. వాళ్ల తాత జీపును నిలబెడుతున్నాడు. అంతా అయ్యింది, బానెట్టు గొళ్లేలు మాత్రం ఎక్కడా దొరకలేదట. "అన్నా, రెండుంటే ఇయ్యి, ఎంతయినా పర్లేదు" అన్నాడు. మూడో వరసలోని ట్రే దించి కవరు విప్పాను. చీటీ మీద ఆ చింతచెట్టు జీపు తర్వాత కొన్న బండ్ల తేదీలు ఉన్నాయి. లోపల ఆరు గొళ్లేలు. కుర్రాడు వాటిని బల్ల మీద వరసగా పరిచి, ఒక్కోదాని స్ప్రింగు నొక్కి, వేళ్లతో తడిమి చూశాడు. బాగున్న రెండూ పక్కన పెట్టుకుని, మిగతా నాలుగూ కవర్లో వేసి, చీటీ మళ్లీ లోపలే పెట్టి జిప్పు మూశాడు.